తాడు కట్టకుండా ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో గంటంబావు పడుతుంది. మేం మూడు రోజుల్లో చేరుకున్నాం. బస్సులో వెళ్లేవాళ్లు తాడ్వాయిని ఒక నిమిషం, లింగంపేటను రెండు నిమిషాలు చూస్తారు. నేను రెండింటినీ తీరిగ్గా చూశాను. ఆ దారిన ఎన్నడూ వెళ్లనివాళ్ల కోసం, వెళ్లినా కిటికీకి తల ఆనించి నిద్రపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లింది ఇద్దరం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సాయిలన్న మా బాపు దగ్గర ఇరవై ఏడేళ్లు డ్రైవరుగా ఉన్నాడు. మా బాపు పశువుల డాక్టరు. ఆయన కారు తొక్కని కొట్టం ఈ చుట్టుపక్కల లేదు. గుండ్రటి దీపాలు, బరువైన తలుపులు, ఇప్పుడెవరూ తయారు చేయని రకం. మనుషులకంటే బర్రెలకే ఎక్కువ పరిచయమున్న కారు అది. బాపు పోయాక ఆరేళ్లు మా ఇంటి రేకుల కింద ఉంది. ప్రతి ఆదివారం సాయిలన్న వచ్చి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడవనిచ్చి, తుడిచి, తలుపు వేసి వెళ్లేవాడు. టీ తాగమంటే తాగేవాడు. ఉండమంటే ఉండేవాడు కాదు.

ఈ మధ్య ఆ రేకులు తీసి గది కట్టాలనుకున్నాం. కారు ఎక్కడ పెట్టాలి? ఎల్లారెడ్డిలో మా అన్నకు కొట్టం ఉంది. ఫోన్ చేస్తే అన్న ఒక షరతు పెట్టాడు.

"దాని కాళ్ల మీద అది నడిచొస్తె ఉండనిస్త. తాడు గట్టి గుంజుకొస్తిరా, గేటు కాడికెల్లే పాత సామానోనికి పోతది. బేస్తారం పగటీలి వానికి రమ్మని చెప్పిన."

ఈ మాట సాయిలన్నకు చెప్పాను. మంగళవారం పొద్దున ఆరింటికే వచ్చి కారు కడిగాడు.

కామారెడ్డి, మంగళవారం

మా ఆవిడ డిక్కీలో మంచినీళ్లు, పులిహోర, ఒక కొత్త నైలాన్ తాడు పెట్టింది. మొదటి రెండూ ప్రేమ, మూడోది అనుభవం. సాయిలన్న ఆ తాడును చూసి, దాని మీద ఒక గోనెసంచి కప్పాడు.

వేసవి కాబట్టి నిమ్మకాయ ఒక్కొక్కటి ఎనిమిది రూపాయలు. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టాం. ఇంజనుకు కూడా ఒకటి కేటాయించాల్సిందని తర్వాత తోచింది.

ఊరు దాటి మొదటి మిట్ట ఎక్కుతుండగా కారు ముందు తుమ్మింది, తర్వాత దగ్గింది, తర్వాత ఆగింది. బానెట్ ఎత్తాం. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఇంజను పక్కన పిడికిలంత పంపు ఒకటుంటుంది. దాని లోపల రబ్బరు పూత పూసిన గుడ్డ బిళ్ల. ఇంజను తిరిగేకొద్దీ ఒక చిన్న చెయ్యి ఆ గుడ్డను కిందికి లాగుతుంది, స్ప్రింగు పైకి తోస్తుంది. లాగినప్పుడు ట్యాంకు నుంచి పెట్రోలు వస్తుంది, తోసినప్పుడు కార్బురేటర్‌కు పోతుంది. గుడ్డ చినిగితే చదును దారిలో ఎలాగో నెట్టుకొస్తుంది, మిట్ట ఎక్కేటప్పుడు చాలదు. ఈ బొమ్మ నేను ఏటా బోర్డు మీద వేస్తాను. పిల్లలు ఏటా దాన్ని గుండెకాయ అనుకుంటారు.

"సాయిలన్నా, పంపు ఒకసారి..." అన్నాను.

"పంపు మంచిగున్నది చిన్నసారు," అన్నాడు.

అంతటితో ఆ విషయం ముగిసింది. ఎందుకు ముగిసిందో చెప్పాలి. బాపు పోయిన ఏడాదే సాయిలన్న ఆ పంపును విప్పి మళ్లీ కట్టాడు. వాకిట్లో పేపరు పరిచి, ఒక రోజంతా కూర్చున్నాడు. మంచంలో ఉన్న బాపు లేచి వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని, స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు. పని అయ్యాక బాపు, సాయిలు కట్టిన పంపు నేను పోయినా నడుస్తది అన్నాడు. ఆ మాట మా ఇంట్లో వీలునామా లాంటిది. అసలు వీలునామా బాపు రాయలేదు.

కాబట్టి సాయిలన్న ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్‌ను అనుమానించాడు. దాని మీద తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఆగాం. కారు స్టార్టయింది. "చూసినవా?" అన్నాడు. చూశాను.

తాడ్వాయి

తర్వాతి మిట్టకు మళ్లీ ఆగింది. ఈసారి ప్లగ్గులు. వాటిని గరుకు కాగితంతో రుద్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్టార్టయింది. ఆ తర్వాత ఆ కరెంటును కలిపి తెంచే పాయింట్లు. మళ్లీ ఇరవై నిమిషాలు. ఆ రోజు నాకు ఒక సూత్రం దొరికింది: ఏ మరమ్మతైనా పనిచేస్తుంది, అది ఇరవై నిమిషాలు పడితే చాలు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరవుతుంది. గట్టి పంపు ఆవిరిని కూడా లాగేస్తుంది, నీరసించిన పంపు లాగలేదు. కాసేపు ఆగితే ఇంజను చల్లబడి ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. మేం నిజానికి దేన్నీ బాగు చేయడం లేదు, చల్లారబెడుతున్నాం. టీ తాగినా అదే ఫలితం వచ్చేది. తాగాం కూడా. వచ్చింది.

ఒక తేడా గమనించాను. కామారెడ్డిలో కారు ఆగితే వెనకవాళ్లు హారన్ కొడతారు. తాడ్వాయిలో దిగి వచ్చి బానెట్‌లోకి తొంగి చూస్తారు. ఒకాయన పెళ్లికి వెళుతూ ఆగాడు. పెట్రోల్ల నీళ్లు గలిసినయని తీర్మానించి, మా పులిహోర తిని, నిదానంగా పెళ్లికి వెళ్లాడు.

ఊళ్లో మోటారుసైకిళ్లు బాగుచేసే మెకానిక్ ఒకతను దొరికాడు. ఇంజనులో ఇంత ఖాళీ జాగా అతను ఎప్పుడూ చూడలేదట. లోపల మనిషి కూర్చోవచ్చు అని, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. పంపు మీద చెయ్యి వేశాడో లేదో, సాయిలన్న ఆ చేతిని మర్యాదగా తీసి కార్బురేటర్ మీద పెట్టాడు. దాన్ని విప్పి కడిగేసరికి పొద్దు వాలింది. కారు స్టార్టయి, ఊరి చివర ఉన్న టీ హోటల్ దాకా వెళ్లి ఆగింది.

అక్కడ నేను యాత్రికులెవరూ చేయని పని చేశాను. బస్సెక్కి ఇంటికి వచ్చి పడుకున్నాను. ఎల్లారెడ్డి ఎట్లున్నది అని మా ఆవిడ అడిగింది. బాగుందట అన్నాను. సాయిలన్న మాత్రం కారులోనే పడుకున్నాడు.

వడ్ల మీద, బుధవారం

పొద్దున్నే మళ్లీ బస్సులో తాడ్వాయి చేరాను. యాసంగి కోతలు అప్పుడే అయ్యాయి. తాడ్వాయి దాటాక రోడ్డులో సగం వాహనాలది, సగం ఆరబోసిన వడ్లది. మధ్యలో హద్దుగా రాళ్లుంటాయి. ఎవరికి ఎక్కువ హక్కో అందరికీ తెలుసు. వడ్లకే.

లింగంపేట ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా కారు ఆగింది. వెనక లారీ వస్తుంటే పక్కకు నెట్టాం. ముందు చక్రాలు రెండూ రాళ్లు దాటి ఎవరివో వడ్ల మీదికి ఎక్కాయి. సాయిలన్న మళ్లీ కార్బురేటర్ తెరిచాడు, ఊదాడు, మూశాడు. స్టార్ట్ చేసి అక్కడే పది నిమిషాలు నడవనిచ్చాడు. ఇంజను చక్కగా పాడింది. నేను పొగిడాను. అది ఆగింది.

అప్పుడు వడ్లాయన వచ్చాడు. పేరు గంగారాం. అరవై దాటి ఉంటాయి, తలకు తువ్వాల. మమ్మల్ని తిట్టలేదు. వంగి కారు ముందు భాగం కింద నుంచి పిడికెడు వడ్లు తీసి, వాసన చూసి, నేరుగా సాయిలన్న ముక్కు దగ్గర పెట్టాడు.

"గీ వాసన సూడు. వడ్లు కొనే సెంటర్ల ఇవి తీస్కుంటరా?"

సాయిలన్న వాసన చూశాడు. రెండోసారి చూశాడు. తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. నేనూ వంగాను. పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి ఒక చుక్క రాలింది. ఆగి, ఇంకొకటి. రెండు రోజులుగా అది కారుతూనే ఉంది. ఆ ఎండలో తారురోడ్డు మీద పెట్రోలు చుక్క కంటిరెప్ప పాటు కూడా నిలవదు. వడ్లు మాత్రం పీల్చుకుని దాచిపెట్టాయి.

సాయిలన్న లేచి వచ్చి, ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల లాగాడు. ఆయిల్ గీత దాటి పైకి ఉంది, టీ లాగా పలచగా ఉంది, అదే వాసన. చినిగిన గుడ్డ గుండా పెట్రోలు కొంత బయటికి, కొంత ఇంజనులోకి పోతోందన్నమాట. ఇలాగే ఇంకో రోజు నడిపితే ఇంజనే పోయేది.

సాయిలన్న పుల్లను తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"చిన్నసారు, పంపు వోయింది."

నేను పుల్ల అందుకుని దాని జాగాలో దూర్చాను.

"నీకు నిన్ననే ఎరుక."

"అనుమానం అంతే."

"మరి గట్టిగ చెప్పాలె గదా."

"బాపు మాటకు ఎదురెట్ల చెప్పాలె సాయిలన్నా?"

ఆయన కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. "బర్రెల సంగతి చెప్తె డాక్టర్ సారు మాట తప్పేది గాదు," అన్నాడు చివరికి. "పంపు సంగతి ఆయనకేం తెలుసు. నన్ను చూసి చెప్పిండు, గంతే."

నిర్ధారణ కోసం చివరి పరీక్ష చేశాం. కార్బురేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి ఖాళీ నీళ్ల సీసాలో పెట్టాడు. నేను తాళం తిప్పాను. మంచి పంపైతే సీసా అడుగుకు కొట్టినట్టు చిమ్మాలి. ఇది ప్రైవేటు కాలేజీలో జీతం పడ్డట్టు ఒక చుక్క వదిలి, ఆలోచించి, ఇంకో చుక్క వదిలింది.

ఈలోగా గంగారాం కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది డాక్టర్ సారు బండి గాదా? మా బర్రెకు బాగలేకుంటె గీ బండిలనే వచ్చిండు."

"బతికిందా?" అన్నాను, కాస్త గర్వంగానే.

"లే," అన్నాడు. "గని వానల వచ్చిండు."

తడిసిన వడ్లు ఒక గంపెడుంటాయి. వాటిని విడిగా తీసి ఎండకు ఆరబెట్టాడు. వాసన పోతే మంచిదే, పోకుంటే మా ఇంట్ల కోళ్లకు గూడ పెట్ట, అన్నాడు. అయినా మమ్మల్ని పొమ్మనలేదు. నా ట్రాక్టర్ ఉన్నది, లింగంపేట దాకా గుంజుతా, తాడున్నదా అని అడిగాడు.

"లేదు," అన్నాడు సాయిలన్న.

ఇన్నేళ్లలో ఆయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కటే. గోనెసంచి కింద తాడు బుద్ధిగా పడుకుని ఉంది.

తర్వాత ఆయన చేసిన పనిని నేను ఎవరికీ సిఫారసు చేయను. డిక్కీలో బాపు పాత రేకు డబ్బా ఉంది. అందులో బర్రెలకు సెలైన్ ఎక్కించే గొట్టం ఉంది. మనుషులదానికంటే లావు. ట్యాంకులోంచి తీసి లీటరు సీసాలో పెట్రోలు నింపి, మూతకు బెజ్జం చేసి గొట్టం దూర్చి, రెండో కొసను కార్బురేటర్‌కు తగిలించాడు. పంపుకు వచ్చే పైపును బిరడా కొట్టి మూసేశాడు. సీసా ఎత్తులో ఉంటే పంపు అక్కర లేదు, పెట్రోలు దానంతట అదే దిగుతుంది. ఎత్తులో ఉంచే బాధ్యత నాది. ముందు సీటులో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి సీసాను పైకి పట్టుకున్నాను. కారు ఒక్క దగ్గు లేకుండా కదిలింది.

లింగంపేటలోకి అలా ప్రవేశించాం. బస్టాండు దగ్గర ఒకావిడ ఆందోళనగా, ఎవరికి బాగలేదు బిడ్డా అని అడిగింది. కారుకమ్మా అన్నాను. అయ్యో అంది, మనస్ఫూర్తిగా.

లింగంపేట

ఇక్కడ పెద్ద మెట్లబావి ఉంది, చూడదగ్గది. మేం దాని పక్కనుంచే వెళ్లాం. నా చెయ్యి ఖాళీగా లేక చూడలేకపోయాను.

మరో సంగతి. కామారెడ్డిలో నన్ను అందరూ సార్ అంటారు. తాడ్వాయిలో అన్న అయ్యాను. లింగంపేటకు వచ్చేసరికి బిడ్డనయ్యాను. ఇంకో ఇరవై కిలోమీటర్లుంటే ఎత్తుకునేవాళ్లేమో.

సాయిలన్న అక్క రాజవ్వ ఇల్లు ఇక్కడే. బీడీలు చుడుతుంది. మేం వెళ్లేసరికి గడపలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉడికించిన శెనగ గుడాలు పెట్టింది. కామారెడ్డిలో గుడాలు ఇరవై రూపాయలకు పొట్లం. ఇక్కడ డబ్బు ఊసెత్తితే ఇంకో గిన్నె వడ్డిస్తారు.

స్పేర్‌పార్టుల షాపులో అడిగి వచ్చాం. ఆ పంపు గుడ్డ హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగు రోజులు, దొరికితే. పాత సామాను వాడు వచ్చేది రేపు పగలు. సెలైన్‌తోనే పోదామన్నాను. సాయిలన్న ఒప్పుకోలేదు.

"సీసా పట్టుకొని పోతె మీ అన్న పెద్దసారు ఏమంటడు? ఇది బతికున్నట్టు గాదు, బతికిస్తున్నట్టు. లేచి నడిచి పోవాలె."

పంపు విప్పి, గుడ్డ బిళ్లను బయటికి తీశాడు. నడుమ నట్టు, అంచు చుట్టూ ఆరు బెజ్జాలు. ఒక పక్క గోరంత చిరుగు. దాన్ని అరచేతిలో పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. రాజవ్వ బీడీ చుడుతూనే ఆ చేతిలోకి చూసింది.

"ఏందిరా అది?"

చెప్పాడు.

"గింతంత గుడ్డకు ఇంత పెద్ద బండి ఆగుతదా? దేంతోని చేస్తరు?"

పెట్రోలుకు కరగనిది ఏదైనా అన్నాను. సైకిల్ ట్యూబు పనికిరాదు, ఉబ్బిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ కవరైతే కొన్నాళ్లు ఆగుతుంది. ఫిజిక్స్ పనికొచ్చిన సందర్భాలు నా జీవితంలో తక్కువ, అందుకే ఇది రాస్తున్నాను.

రాజవ్వ ఇంట్లోకి వెళ్లి యూరియా సంచి లోపలి కవరు తెచ్చి కడిగింది. మూడు మడతలు వేసింది. బీడీ ఆకును రేకు అచ్చు కింద పెట్టి కత్తిరిస్తారు. అచ్చుకు వెంట్రుకవాసి ఇటూ అటూ అయితే కార్ఖానాలో బీడీ వాపసు. నలభై ఏళ్లుగా ఆమె చేస్తున్నది అదే. అచ్చు స్థానంలో పాత బిళ్లను పెట్టింది. పెన్సిలు ఇవ్వబోయాను. ఎందుకు అన్నట్టు చూసింది. కత్తెర ఒక్కసారి కూడా ఆగకుండా చుట్టూ తిరిగింది. బీడీ మూతి మడిచే ఇనుప పుల్లను పొయ్యిలో కాల్చి ఆరు బెజ్జాలు, నడుమ ఒకటి పొడిచింది. పాత బిళ్లను మీద పెట్టి చూస్తే అంచు కనపడలేదు.

సాయిలన్న దాన్ని వేళ్లతో తడిమాడు. "నేను కట్టింది ఇంత సాపు లేకుండె అక్కా."

"నీ చేతులు స్టీరింగుకే పుట్టినయి," అంది రాజవ్వ. "తిను, రొట్టె చల్లగైతది."

ఎల్లారెడ్డి, బేస్తవారం

పొద్దున్నే ఆ టీ లాంటి ఆయిల్ తీసేసి కొత్తది పోశాం. పంపు బిగించాక మళ్లీ సీసా పరీక్ష. తాళం తిప్పాను. పెట్రోలు సీసా అడుగుకు తగిలి చప్పుడు చేసింది. రెండోసారి, మూడోసారి. కింద బెజ్జం దగ్గర సాయిలన్న తెల్లకాగితం పట్టుకున్నాడు. కాగితం తెల్లగానే ఉంది. రాజవ్వ దాన్ని తీసి చూసి, బీడీల చాట దగ్గరికి వెళ్లిపోయింది.

లింగంపేట దాటాక మిట్టలున్నాయి. ప్రతి మిట్టకూ ఇద్దరం మాటలు ఆపేవాళ్లం. కారు ఎక్కేది. అవతల దిగాక ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఒక చోట తాటిముంజలు కొన్నాం, డజను ఎనభై. కామారెడ్డిలో నూట ఇరవై. మూడు రోజుల ప్రయాణంలో మేం మిగుల్చుకున్నది ఆ నలభై రూపాయలు.

ఎల్లారెడ్డిలో మా అన్న ఇల్లు కనపడింది. గేటు తెరిచి ఉంది. పక్కన పాత సామాను వాడి ట్రాలీ ఆటో. అన్న, వాడు నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. గేటు ఇంకా అల్లంత దూరంలో ఉండగా కారు ఆగింది.

సాయిలన్న స్టీరింగ్ వదిలి తలుపు తీశాడు. దిగి బానెట్ ఎత్తాడు. ఈసారి మిగతావి ముట్టుకోలేదు, ముందు పంపునే చూశాడు. కింద పొడిగా ఉంది. పైపు ఊడదీసి తాళం తిప్పమన్నాడు. తిప్పాను. గాలి వచ్చింది. వెళ్లి ట్యాంకు మూత తీసి, ఒక పుల్ల దించి చూశాడు. పొడిగానే పైకి వచ్చింది. రెండు రోజులు కారిపోయింది కొంత, మేం సీసాలకు తీసింది కొంత. పంపు బాగు చేసిన సంబరంలో దానికి తాగడానికేమైనా ఉందో లేదో ఇద్దరం చూడలేదు. నిన్నటి సెలైన్ సీసాలో పావు వంతు మిగిలింది. అది ట్యాంకులో పోసి, పంపుకున్న చిన్న పిడిని చేత్తో ఆడించి, స్టార్ట్ చేశాడు.

గేటులోకి వెళ్లాం.

అన్న పలకరింపుల మనిషి కాదు. కారు చుట్టూ తిరిగి, ముందు బంపరు కింద వంగి తాడు గుర్తుల కోసం చూశాడు. దార్ల ఏమన్నయ్యిందా అని సాయిలన్ననే అడిగాడు. ఏమీ కాలేదని నేను చెప్పబోయాను.

"పంపు వోయింది పెద్దసారు," అన్నాడు సాయిలన్న. "నేను కట్టిందే. రెండు దినాలు మంచిగున్నదని మొండికేసిన. వడ్లు చెప్తె ఎరుకైంది."

అన్న వడ్ల సంగతి అడగలేదు. డిక్కీ తెరిచి గోనెసంచి ఎత్తాడు. తాడు కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, మీద షాపు చీటీ కూడా చింపలేదు. పాత సామాను వాడు ఆ చీటీని చూసి నిట్టూర్చి, ఆటో స్టార్ట్ చేసుకున్నాడు. అది మా కారు కంటే ఎక్కువసేపు సతాయించింది.

కొట్టంలో ఒక్కదానికే జాగా ఉంది. అందులో బర్రె ఉంది. అన్న దాన్ని విప్పి వేపచెట్టు దగ్గరికి తోలుకొచ్చాడు. దాని పలుపు చెట్టు దాకా చాలలేదు. నైలాన్ తాడు చాలింది. బాపు కారు బర్రెల కోసం చాలా తిరిగింది. ఒక బర్రె దాని కోసం జాగా ఇవ్వడం ఇదే మొదటిసారి. ఇష్టపడి ఇచ్చిందని చెప్పలేను. రెండు పూటలు పాలు తక్కువ ఇచ్చిందని అన్న తర్వాత ఫోన్ చేశాడు.

పది రోజులకు హైదరాబాద్ నుంచి అసలు గుడ్డ వచ్చింది. సాయిలన్నకు ఇచ్చాను. డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పుడెందుకు చిన్నసారు? పంపు మంచిగనే ఉన్నది."

"అది యూరియా సంచి సాయిలన్నా," అన్నాను. ఈసారి గట్టిగా.

ఆయన డబ్బాను జేబులో పెట్టుకున్నాడు. ఆ ఆదివారం బస్సెక్కాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళతాడు. పది నిమిషాలు ఇంజను నడవనిచ్చి, తుడిచి, తిరిగొస్తాడు. పోను గంటంబావు, రాను గంటంబావు. బస్సులో పోతే దారి ఏమీ కనపడదని ఆయన ఫిర్యాదు.